లెక్క చూసుకోని విశ్వాసం!

చంద్రగిరి కోట నీడలో ఆడుకుని పెరిగి, అమెరికాలో డాక్టరుగా స్థిరపడిన ఒక తమ్ముడు ఈమధ్య ఫోన్‌ చేశాడు. ‘‘అన్నా! విమానం కొంటున్నాను, ప్రార్థన చెయ్యండి’’ అన్నాడు. అతనికి చిన్న విమానం నడిపే లైసెన్సుంది. ఇన్నాళ్లూ ఒక్క ఇంజిన్‌ విమానాన్ని అద్దెకు తీసుకుని నడిపేవాడు. ఇప్పుడు భార్యాపిల్లలతో దూరప్రయాణాలు చేయాలని కోరిక. సెస్నా 421 అనే పాత విమానం అమ్మకానికి వచ్చిందట. కొత్త విమానాలతో పోలిస్తే ధర చాలా తక్కువ. వారంలో తేల్చకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామంటున్నారట.

‘‘మెకానిక్‌కు చూపించావా తమ్ముడూ?’’ అని అడిగాను. ‘‘అమ్మేవాళ్ల మెకానిక్కే అంతా బాగుందన్నాడన్నా. అయినా రెండు ఇంజిన్లుండాయి గదా, ఒకటి పోతే ఇంకోటి మోస్తుంది. పైన దేవుడుండాడు!’’ అన్నాడు.

దేవుడున్నాడు, నిజమే. కానీ అతని ధీమా చూసి నాకు గుండె ఝల్లుమంది. ఆ రాత్రి నుంచే అలాంటి విమానాల గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను.

రేణిగుంటలో దిగే పెద్ద జెట్‌ విమానాలు కిరోసిన్‌ జాతి ఇంధనంతో నడుస్తాయి. సెస్నా 421 లాంటివి మాత్రం మన కార్ల మాదిరిగా పిస్టన్లతో, ఏవ్‌గ్యాస్‌ అనే ప్రత్యేకమైన పెట్రోలుతో నడుస్తాయి. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది గనుక టర్బోఛార్జర్‌ నొక్కిన గాలిలో కొంత భాగాన్ని క్యాబిన్‌లోకి పంపుతారు. దాని తమ్ముడి లాంటి సెస్నా 340లో బయట 20,000 అడుగుల ఎత్తున్నా, లోపల కూర్చున్నవారికి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టే ఉంటుంది. అంటే మన హార్సిలీ హిల్స్‌కు సుమారు రెండింతల ఎత్తు! ఆక్సిజన్‌ మాస్కుల అవసరం లేకుండా పిల్లలు హాయిగా నిద్రపోతారు. ఎంత సుఖం!

ఆ సుఖం వెనుక ఉన్న లెక్క వేరు. సెస్నా 340 తయారీ 1984లో, 421 తయారీ 1985లో ఆగిపోయాయి. అంటే అమ్మకానికి వచ్చే ప్రతి విమానానికీ నలభై ఏళ్లు నిండాయన్నమాట. ఎగిరిన ప్రతిసారీ గాలి నింపుకొని ఉబ్బి, దిగినప్పుడు తగ్గి, ఆ లోహం అలసిపోయి ఉంటుంది. మూలల్లో తుప్పు దాగి ఉంటుంది. టర్బో ఇంజిన్ల ఎగ్జాస్ట్‌ గొట్టాలు విపరీతమైన వేడికి పగుళ్లిస్తాయి. ఆ పగులులోంచి వచ్చే సెగ రెక్కలో మంట పుట్టించగలదు. అందుకే టర్బోఛార్జర్లున్న సెస్నా జంట ఇంజిన్ల విమానాల్లో ఆ గొట్టాలను పదేపదే తనిఖీ చేయాలని 2000లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఆదేశించింది. ఇక ఇంధనం గంటకు 150 లీటర్లకు పైమాటే. రెండు ఇంజిన్లనూ విప్పి ఓవర్‌హాల్‌ చేయించాలంటే ఆ ఖర్చు ఒక్కోసారి విమానం ధరకే పోటీ వస్తుంది!

అన్నిటికన్నా పెద్ద భ్రమ ఆ ‘రెండో ఇంజిన్‌’. ఒకటి ఆగితే సగం శక్తి మిగులుతుంది కదా అనుకుంటాం. కానీ పైకి ఎక్కే సామర్థ్యంలో ఎనభై శాతం దాకా పోతుంది. విమానం ఆగిన ఇంజిన్‌ వైపుకు తిరిగిపోతుంది. వేగం చూపే డయల్‌ మీద ఒక ఎర్ర గీత, ఒక నీలి గీత ఉంటాయి. ఒక్క ఇంజిన్‌తో పైకి ఎక్కాలంటే నీలి గీత దగ్గర వేగం నిలపాలి. ఎర్ర గీత కంటే తగ్గితే విమానం అదుపు తప్పి తలకిందులు కావచ్చు. పైలట్‌కు దొరికేది కొన్ని క్షణాలే. శిక్షణ లేని చేతుల్లో రెండో ఇంజిన్‌ వరం కాదు, ఉచ్చు!

రెండు ఇంజిన్ల మాట వచ్చినప్పుడల్లా మన ప్రాంతానికి 2009 సెప్టెంబరు 2 గుర్తుకొస్తుంది. ఆరోజు ముఖ్యమంత్రి వై.ఎస్‌. రాజశేఖరరెడ్డి రచ్చబండ ప్రారంభానికి వస్తారని చిత్తూరు జిల్లా అనుపల్లిలో జనం ఎదురుచూశారు. బేగంపేటలో బయల్దేరిన బెల్‌ 430 హెలికాప్టర్‌ నల్లమలలో కూలి అయిదుగురు చనిపోయారు. దానికీ రెండు ఇంజిన్లున్నాయి! ఆయిల్‌ ప్రెషర్‌ హెచ్చరిక రావడంతో సిబ్బంది ఆరు నిమిషాలకు పైగా దానిమీదే మనసు పెట్టారనీ, చివరకు బలంగా కిందికి వీచే గాలిలో చిక్కుకుని హెలికాప్టర్‌ అదుపు తప్పిందనీ దర్యాప్తు సంఘం తేల్చింది. ఇంజిన్లు ఎన్ని ఉన్నా తుపాను మేఘం తన దారి తాను మార్చుకోదు.

గోపురం కట్టాలనుకున్నవాడు ముందుగా కూర్చుని, దాన్ని ముగించే స్తోమత తనకుందో లేదో లెక్క చూసుకోడా అని యేసుప్రభువు అడిగాడు (లూకా 14:28). లెక్క చూసుకోవడం అవిశ్వాసమని ఆయన అనలేదు. చూసుకోకుండా పునాది వేసినవాడే నవ్వులపాలవుతాడన్నాడు.

ఈ మాటే తమ్ముడికి చెప్పాను. ‘‘ప్రార్థన చేస్తాను. కానీ ముందు అమ్మేవాళ్లతో సంబంధం లేని, ఆ రకం విమానాలు బాగా తెలిసిన మెకానిక్‌ చేత చూపించు. లాగ్‌బుక్కులు మొదటి పేజీ నుంచీ చదివించు. రెండు ఇంజిన్ల ఓవర్‌హాల్‌కు డబ్బు పక్కన పెట్టు. ఒక ఇంజిన్‌ ఆగితే ఏం చేయాలో చేతులకు అలవాటయ్యే దాకా నేర్చుకో. ఏడాదికోసారి మళ్లీ నేర్చుకో. ఆ తర్వాతే పిల్లల్ని ఎక్కించు’’ అన్నాను. అతను కాసేపు మాట్లాడలేదు. ‘‘సరేన్నా’’ అన్నాడు.

మూడు వారాలకు మళ్లీ ఫోన్‌ వచ్చింది. తనిఖీలో ఎగ్జాస్ట్‌ గొట్టంలో పగులు, రెక్క మొదట్లో తుప్పు బయటపడ్డాయట. ‘‘కొనలేదన్నా. తనిఖీకిచ్చిన డబ్బు మాత్రం వృథా అయింది’’ అన్నాడు దిగులుగా.

‘‘వృథా ఎలా అవుతుంది తమ్ముడూ? నీ ఇంట్లో అందరూ భోజనాల దగ్గర కూర్చుని ఉన్నారా?’’

‘‘ఉండారన్నా...’’

‘‘ఆ డబ్బుతో నువ్వు కొన్నది అదే!’’

దేవుడు మనకు రెక్కలివ్వలేదు, ఆలోచించే మనసిచ్చాడు. దాన్ని వాడకుండా మోకరిస్తే అది విశ్వాసం కాదు, తొందరపాటుకు తొడిగిన భక్తి చొక్కా! విమానం కాకపోవచ్చు. స్థలం, ఇల్లు, అప్పు, పిల్లల పెళ్లి... ‘ఈ వారంలో తేల్చండి’ అని ఎవరైనా తొందరపెడితే కాస్త ఆగండి. కూర్చోండి. లెక్క చూసుకోండి. ఆ తర్వాత మోకరించండి!