మచ్చను చూపి అమ్మిన పండు

బంగినపల్లి మామిడికి బేనీషాన్ అని మరొక పేరు ఉన్నది. ఉర్దూలో ఆ మాటకు మచ్చ లేనిది అని అర్థం. ఒకప్పుడు నవాబుల ఏలుబడిలో ఉండి, నేడు నంద్యాల జిల్లాలో భాగమైన బనగానపల్లె పేరు మీదుగానే ఆ పండు ప్రసిద్ధి కెక్కింది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే తోటలో కాసిన ప్రతి బేనీషానూ మచ్చ లేకుండా ఉండదు. గాలికి కొమ్మ రాసుకుని గీతలు పడిన కాయ ఉంటుంది. కోతలో సొన కారి తొక్క నల్లబడిన కాయ ఉంటుంది. పండు ఈగ గుడ్లు పెట్టిన కాయ కూడా ఉంటుంది. రెండు మూడు ఎకరాల చిన్న రైతు తన పండును తానే అమ్ముకోదలచినప్పుడు ఈ సంగతులు కొనేవారికి చెప్పాలా, దాచాలా? రైతు ఇంటి రాబడి, మన బిడ్డల నోటికి అందే ఆహారం, మన క్రయవిక్రయాల ధర్మం, ఈ మూడూ ఈ ప్రశ్నతో ముడిపడి ఉన్నాయి.

మన ప్రాంతాలలో చాలా తోటలు పూత దశలోనో పిందె దశలోనో గుత్తకు పోతాయి. గుత్తదారు నుండి మండీకి, మండీ నుండి టోకు వ్యాపారికి, అక్కడ నుండి వీధిలోని బండికి పండు చేతులు మారుతుంది. చేయి మారిన ప్రతిసారీ దాని కథలో కొంత జారిపోతుంది. ఏనాడు కోశారు, ఏ మందు కొట్టారు, దేనితో మాగబెట్టారు అని చివరి దుకాణదారుని అడిగితే, అతడు దాచడం లేదు, అతనికే తెలియదు. కాయల మేలు బయటపడక ముందే చెట్టు మీది పంటను అమ్మడాన్ని దైవప్రవక్త (స) వారించారు. ఆ ఆదేశపు వివరాలలో ఫుకహాల మధ్య విస్తృత చర్చ ఉన్నప్పటికీ, దానిలోని ఒక హితవు మాత్రం సుస్పష్టం. ఇంకా తెలియని దానిని అమ్మితే, ఇద్దరిలో ఒకరు నష్టపోయి కలహం పుడుతుంది.

తెలియకపోవడం వల్ల కలిగే హానికి కార్బైడే నిదర్శనం. కాల్షియం కార్బైడు తేమ తగిలినప్పుడు ఎసిటిలీన్ వాయువును విడుదల చేస్తుంది. దానితో తొక్క త్వరగా పసుపు రంగుకు తిరుగుతుంది గాని, లోపలి గుజ్జు చాలాసార్లు పచ్చిగానే ఉండిపోతుంది. పరిశ్రమలలో వాడే ఆ పదార్థంలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉండే అవకాశం ఉన్నందున పండ్లను మాగబెట్టడానికి దానిని వాడడం మన దేశంలో నిషిద్ధం. నిర్ణీత పరిమాణంలో ఇథిలీన్ వాయువును వాడడానికి అనుమతి ఉన్నది. మామిడికాయ మాగేటప్పుడు తనంతట తానుగా విడుదల చేసేది కూడా ఆ వాయువునే. పూర్వం నుండి మన పెద్దలు చేసినట్లు ముదిరిన కాయను వరిగడ్డిలో పేర్చి మాగబెడితే కొన్ని రోజులు ఓపిక పట్టాలి. అలా మాగిన పండ్లన్నీ ఒకే రంగులో ఉండవు. ఒకటి పసుపుగా, మరొకటి ఇంకా ఆకుపచ్చ చాయతో ఉంటుంది. ఈ సంగతి ఎవరూ చెప్పకపోతే, గడ్డిలో మాగిన పండును చూసి ఇది బాగాలేదని, కార్బైడు పండును చూసి ఇది మేలైనదని కొనేవారు పొరబడతారు. రైతు మౌనం కల్తీకే మేలు చేస్తుంది.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు ఆరంభమైన తరువాత పండించినవారు, వండుకునేవారు ఎదురెదురుగా నిలబడే అవకాశం కలిగింది. నేడు కాలనీ కూడళ్ళలోనూ, వాట్సాప్ ద్వారానూ నేరుగా అమ్మే రైతులు ఉన్నారు. కాని ఎదురెదురుగా నిలిచినంత మాత్రాన మాట తెరుచుకోదు. “అంతా మంచిదేనమ్మా, మందే కొట్టలేదు” అన్న ఒక్క వాక్యంతో సంభాషణ ముగిసిపోతుంది. తేనెమంచు పురుగు, బూడిద తెగులు పూతను పట్టి పీడించే పంట ఇది. మందు కొట్టి ఉంటే కొట్టానని చెప్పడంలో అవమానం ఏమున్నది? పూత మీద ఫలానా మందు ఇన్నిసార్లు కొట్టాను, చివరిసారి ఫలానా నాడు కొట్టాను, మందుతో వచ్చిన కాగితంలో ఆగమన్నన్ని రోజులు ఆగి కోశాను అని చెప్పే రైతు, ఏమీ కొట్టలేదని చెప్పే రైతు కంటే నమ్మదగినవాడు. అతని మాటను సరిచూడవచ్చు.

కాబట్టి రైతు సోదరులకు మా విన్నపం ఇది. గంప ముందు ఒక అట్టముక్క నిలబెట్టండి. దాని మీద ఊరి పేరు, కాయ రకం, కోసిన తేదీ, మాగబెట్టిన విధానం, చివరి మందు కొట్టిన తేదీ వ్రాయండి. మచ్చ ఉన్న కాయలను అడుగున కప్పక వేరుగా పోసి, వాటి ధర వేరుగా చెప్పండి. ఒక గిన్నెలో నీళ్ళు ఉంచండి. సాధారణంగా ముదిరిన కాయ మునుగుతుంది, ముదరనిది తేలుతుంది. తేలితే కార్బైడు కాయ అని కొందరు అంటారు గాని, ఆ పరీక్ష కాయ ముదురును తెలుపుతుందే తప్ప కార్బైడును పట్టి ఇవ్వదు. ఆ సంగతి కూడా కొనేవారికి చెప్పండి. ‘సేంద్రియం’ అనే మాటను తేలికగా వాడకండి. కనీసం ఐదుగురు రైతులు ఒక బృందంగా ఏర్పడి, ఒకరి పొలాన్ని ఒకరు పరిశీలించి ధ్రువీకరించుకునే పీజీఎస్ ఇండియా అనే ప్రభుత్వ పద్ధతి ఉన్నది. అందులో మార్పు దశలో ఉన్న పొలానికి ఒక గుర్తు, పూర్తిగా మారిన పొలానికి మరొక గుర్తు ఇస్తారు. ‘ఇంకా మారుతున్నాను’ అని చెప్పడానికి కూడా అక్కడ గౌరవమైన చోటు ఉన్నది.

బజారులో ధాన్యపు రాశిలోకి దైవప్రవక్త (స) చేయి పోనిచ్చి, లోపలి తడిని గమనించిన వృత్తాంతం పాఠకులకు తెలిసినదే. వానకు తడిసిందని ఆ వ్యాపారి విన్నవించగా, మనుషులకు కనబడేలా దానిని పైన ఎందుకు ఉంచలేదని ఆయన మందలించారు. తడవడం వ్యాపారి నేరం కాదు. అడుగున ఉంచడం నేరం. కూఫా నగరంలో వస్త్ర వ్యాపారం చేసిన ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) గారు, లోపం ఉన్న వస్త్రాన్ని ఆ లోపం చెప్పి అమ్మమని భాగస్వామికి అప్పగించారనీ, అతడు చెప్పడం మరచి అమ్మివేయగా ఆ సొమ్మును దానం చేసివేశారనీ చరిత్రకారులు వ్రాశారు. మా మదరసాలలో బోధించే ‘హిదాయా’ గ్రంథంలో మరింత సూక్ష్మమైన విషయం ఉన్నది. గుడ్డు, ఖర్బూజా, దోస, అక్రోటు వంటివి కొని పగులగొట్టి చూస్తే లోపల పూర్తిగా చెడి, దేనికీ పనికిరాకుండా ఉన్నట్లయితే, కొన్నవారు ధర మొత్తం తిరిగి పొందుతారు. పండు ఈగ పురుగు బయటికి కనబడదు. కనుక “కోసినప్పుడు పురుగు ఉంటే చెప్పండి, మరో పండు ఇస్తాను” అని రైతు ముందే అనడం ఔదార్యం కాదు, ధర్మమే.

అయితే ఈ ధర్మం రైతు ఒక్కడి భుజాల మీదనే పెట్టడం న్యాయం కాదు. నిజం చెప్పిన రోజున అతని గంపలో కాయలు మిగిలిపోవచ్చు. మామిడి నిలువ ఉండదు, అప్పు ఆగదు. అతడు చూపిన మచ్చనే సాకుగా తీసుకుని మనం ధర విరగ్గొట్టి, పక్క బండి మీద నిగనిగలాడే పండును మారు మాట్లాడకుండా కొంటే, అతనికి మనం నేర్పే పాఠం ఏమిటి? మరుసటి వారం అతడు మచ్చను అడుగున కప్పుతాడు. ఆ కప్పడంలో మన వాటా కూడా ఉంటుంది. కొనేవారు, అమ్మేవారు ఇద్దరూ నిజం పలికి, లోపాన్ని వివరించుకుంటే ఆ బేరంలో శుభం ఉంటుందని ప్రవక్త (స) బోధ. ఆ శుభవార్త ఇద్దరికీ కలిపి చెప్పినది.

మా సోదరీమణులు ఈ వేసవిలో పండ్లు కొనేటప్పుడు మూడు ప్రశ్నలు అడగాలని కోరుతున్నాము. ఎప్పుడు కోశారు? ఎలా మాగబెట్టారు? చివరి మందు ఎప్పుడు కొట్టారు? తెలియదని రైతు అంటే ఆ మాటను కూడా గౌరవించండి. తొక్క మీద మచ్చ ఉన్న పండు ఇంట్లో రసానికి, మామిడి తాండ్రకు చక్కగా పనికివస్తుంది. బేరానికి పిల్లలను వెంట తీసుకువెళ్ళండి. లోపం చెప్పి అమ్మినవానికి న్యాయమైన ధర ఎలా చెల్లిస్తారో వారు కళ్ళారా చూడాలి. మా తరగతి గదిలో ఏడాది పొడవునా చెప్పే పాఠాన్ని వారు ఆ గంప దగ్గర అయిదు నిమిషాలలో గ్రహిస్తారు.