సెలవుల సందడిలో గ్రీష్మ ఋతుచర్య

పాఠశాలలకు వేసవి సెలవులు ఇచ్చిన నాటినుండి జూన్ రెండవ వారంలో తిరిగి తెరిచేదాకా ఎల్లారెడ్డి, బాన్సువాడ, పిట్లం ప్రాంతాలలో ఏ ఇంట చూసినా తీరిక ఉండదు. మామిడికాయ తొక్కు, వడియాలు, ఎండుమిరప, చింతపండు గింజ తీయడం, గోడలకు సున్నం, వానలకు ముందే పైకప్పు మరమ్మతు. వీటి నడుమ పెళ్ళిళ్ళు, పట్నం నుండి వచ్చిన మేనల్లుళ్ళు, మేనకోడళ్ళతో నిజాంసాగర్ ప్రయాణం. ఏడాదిలో ఇంటిల్లిపాదీ అధికంగా శ్రమపడే కాలం ఇది. మనిషి బలం అత్యల్పంగా ఉండే కాలం కూడా ఇదేనని ఆయుర్వేదం చెబుతోంది.

శిశిర, వసంత, గ్రీష్మ ఋతువులను మన శాస్త్రం ఆదానకాలమంటుంది. సూర్యుడు భూమిలోని తేమతోపాటు ప్రాణుల బలాన్ని కూడా గ్రహించే కాలమని అర్థం. గ్రీష్మం దాని చివరి భాగం. అప్పటికి దేహబలమూ, జఠరాగ్నీ రెండూ తగ్గి ఉంటాయి. అందుకే వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలోని ఋతుచర్యాధ్యాయంలో ఈ ఋతువున ఎండను, వ్యాయామాన్ని, ఉప్పు, పులుపు, కారాలను వర్జించి, తీయని, చల్లని, ద్రవరూపమైన, తేలికైన ఆహారాన్ని సేవించమన్నారు. ఇతర ఋతువులలో నిషేధించిన పగటినిద్రను ఈ ఒక్క ఋతువులో అనుమతించారు. మా గురువుగారు ఈ భాగం పాఠం చెబుతూ, ఋషులు పనిని మానమనలేదు, పనిని ఎండనుండి తప్పించమన్నారని వివరించేవారు. గృహస్థులకు అవసరమైనది ఈ వివరణే.

కనుక ముందు రోజును విభజించుకోవాలి. సూర్యోదయం నుండి తొమ్మిది గంటల వరకు ఒక భాగం, సాయంత్రం ఐదు తరువాత మరొక భాగం. ప్రయాణాలు, ఇంటి పనులు, పిల్లల ఆటలు ఈ రెండింటిలోనే ఇమడాలి. పదకొండు నుండి నాలుగు వరకు నీడ, నీరు, విశ్రాంతి. ఇంకొక మాట. ఒకే రోజున రెండు పెద్ద పనులు పెట్టుకోరాదు. నేను చూసిన వడదెబ్బలలో చాలావరకు ఒక్క ఎండవల్ల వచ్చినవి కావు. ముందురాత్రి నిద్ర లేదు, ఉదయం శ్రమ, మధ్యాహ్నం బరువైన భోజనం, ఆపైన ఎండ. ఇవన్నీ ఒక్కనాడే కూడినప్పుడు వచ్చినవే ఎక్కువ.

నిజాంసాగర్ విహారాన్నే ఉదాహరణగా తీసుకుందాం. 1923లో ప్రారంభమై 1931లో పూర్తయిన ఈ ప్రాజెక్టు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీరింగ్ ప్రతిభకు నిదర్శనం. మంజీరపై సుమారు మూడు కిలోమీటర్ల పొడవున సాగే కట్టను పిల్లలకు చూపించవలసిందే. కానీ అది రాతి కట్ట. రాయి పగలంతా వేడిని తాగి, ఎండ తగ్గిన తరువాత కూడా చాలాసేపు వెలిగక్కుతూనే ఉంటుంది. మే నెలలో మా జిల్లాలో ఎండ 44, 45 డిగ్రీలను తాకడం కొత్త కాదు. ఎదురుగా నీళ్ళు కనిపిస్తున్నాయి కనుక చల్లగా ఉంటుందన్నది భ్రమ. హైదరాబాదు నుండి వచ్చేవారు ఉదయం బయలుదేరి, సరిగ్గా నడిమధ్యాహ్నానికి కట్టమీదికి చేరుతుంటారు. ముందురోజే వచ్చి బంధువుల ఇంట బసచేసి, తెల్లవారుజామున కట్ట చూడడం మేలు.

పిల్లలను నీటిలోకి దించకండి. వేసవిలో జలాశయం వెనక్కి తగ్గినచోట పైకి ఎండినట్లు కనిపించే పూడికమట్టి అడుగున మెత్తని బురదగా ఉంటుంది. కాలు దిగితే పెద్దవారికే పైకి తీయడం కష్టం.

వెంట తీసుకువెళ్ళే ఆహారంలో నూనె వేపుళ్ళు వద్దు. పెరుగన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది, పులిసిన పెరుగు ఈ ఋతువున పనికిరాదు. అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక చెంచా మజ్జిగ తోడువేస్తే తినే వేళకు కమ్మగా ఉంటుంది. జొన్నపేలాల పిండిలో బెల్లం, చల్లని నీరు కలిపి ఇస్తే పిల్లలకు బలం, దాహశాంతి రెండూ కలుగుతాయి. పెరుగుకు నాలుగు రెట్లు నీరు పోసి చిలికిన మజ్జిగ (మా వైపు సల్ల అంటారు), జీలకర్ర పొడి, చిటికెడు ఉప్పుతో అందరికీ మంచిది.

ఉప్పు వద్దని వాగ్భటుడంటే మీరు వేయమంటున్నారేమిటని కొందరు అడుగుతారు. ఆచార్యుడు వద్దన్నది తొక్కులు, అప్పడాలలో అతిగా తినే ఉప్పును. చెమటలో పోయిన దానిని పూరించుకోవడం వేరు. కొత్త తొక్కు ఈ నెలలో పెట్టుకోవాలి. తృప్తిగా తినడానికి వానాకాలం ఉంది!

ఎదిగే పిల్లల సంగతి. వేసవిలో బిడ్డ తినడం లేదు, చిక్కిపోయాడని తల్లులు బాధపడతారు. జూన్‌లో పాత యూనిఫారం తొడిగి చూస్తే రెండంగుళాలు పొట్టిదై ఉంటుంది! అగ్ని మందంగా ఉన్న మధ్యాహ్నవేళ బలవంతంగా కుక్కకండి. ఉదయం, రాత్రి చల్లబడిన తరువాత తృప్తిగా పెట్టండి. రోజంతా ఆడి రాత్రి రెండు కాళ్ళూ పీకుతున్నాయనే పిల్లవానికి గోరువెచ్చని నువ్వులనూనెతో మృదువుగా మర్దన చాలు. ఒక కాలే నొప్పి, వాపు, జ్వరం, కుంటడం ఉంటే మాత్రం వైద్యునికి చూపాలి.

కొన్నేళ్ళ క్రితం మే నెలలో తొమ్మిదేళ్ళ బాలుని నా వద్దకు తెచ్చారు. ఉదయమంతా కట్టమీద ఆట, మధ్యాహ్నం పెళ్ళిభోజనం, తరువాత ఎండలో ప్రయాణం. ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు, మాట తడబడుతోంది. ఇంటివారు అరగంటసేపు ఉల్లిరసం రుద్దుతూ కూర్చున్నారు. వేడిమీద చన్నీళ్ళు పోయరాదన్న భయంతో తడిపనేలేదు. ఎండనుండి వచ్చి కాస్త ఆగి స్నానం చేయాలన్న నియమం ఆరోగ్యవంతునికే గాని వడదెబ్బ తగిలినవానికి వర్తించదు. వెంటనే బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ, 108కి ఫోను చేయించి ఆసుపత్రికి పంపాను. బాలుడు కోలుకున్నాడు. జేబులో ఉల్లిపాయ వల్ల హాని లేదు, రక్షణ కూడా లేదు. స్పృహ సరిగా లేనివారి నోట నీరు పోయకండి. స్పృహలో ఉండి నీరసించినవారికి ఓ.ఆర్.ఎస్. పొట్లం మేలు. అది లేకుంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు, తలకొట్టి కలిపి కొద్దికొద్దిగా ఇవ్వండి.

ఇంటి పనులలో సున్నం విషయం జాగ్రత్త. సున్నపురాయిపై నీరు పోసినప్పుడు అది ఉడుకుతుంది. పిల్లలను దరిదాపులకు రానీయకండి. కంటిలో పడితే నూనె, చనుబాలు వేయకుండా ధారాళంగా నీటితో ఇరవై నిమిషాలు కడుగుతూ వైద్యునివద్దకు తీసుకువెళ్ళాలి. మిద్దెమీద వడియాలు పెట్టే గృహిణి ఏడు గంటలకే దిగిపోవాలి. గర్భిణులకు, రక్తపోటు మందులు వాడే వృద్ధులకు ఆ పని అప్పగించవద్దు.

రోహిణి కార్తె ముగిసి మృగశిర ప్రవేశించగానే ఒక్కసారిగా పద్ధతులు మార్చకండి. ఒక ఋతువు చివరి ఏడు రోజులు, తరువాతి ఋతువు మొదటి ఏడు రోజులు కలిపి ఋతుసంధి. గ్రీష్మంలో సంచితమైన వాతం తొలివానకు ప్రకోపిస్తుంది, అగ్ని మరింత సన్నగిల్లుతుంది. చల్లని పానీయాలను రోజురోజుకు తగ్గిస్తూ, అల్లం, మిరియాలు వేసిన వేడి చారును కొద్దికొద్దిగా పెంచుకోండి. కొత్తనీరు చేరిన బావులు, కుంటల నీటిని మరగకాచిన తరువాతనే పిల్లలకు తాగించండి.