థిన్నర్‌లో బతికే సూక్ష్మజీవి

పాలలో కొంచెం పెరుగు వేస్తాం. తెల్లారేసరికి తోడుకుంటుంది. ఈ పని చేసేది ఎవరు? కంటికి కనిపించని సూక్ష్మజీవులు. వాటినే బాక్టీరియా అంటారు.

రంగులు వేసేవాళ్ల దగ్గర థిన్నర్ చూశారు గదా! ఘాటు వాసన వస్తుంది. చాలా థిన్నర్లలో టోలుయీన్ అనే ద్రవం ఉంటుంది. అది జిడ్డును కరిగిస్తుంది. ఇలా కరిగించే ద్రవాలను ద్రావకాలు అంటారు.

బాక్టీరియా ఒంటి చుట్టూ పల్చని పొర ఉంటుంది. అందులో కొవ్వు ఉంటుంది. టోలుయీన్ తగిలితే ఆ పొర పాడవుతుంది. లోపలి సరుకు బయటికి కారిపోతుంది. నీళ్లలో వెయ్యో వంతు టోలుయీన్ కలిసినా చాలా బాక్టీరియాలు బతకవు.

కానీ 1989లో జపాన్ శాస్త్రవేత్తలు ఇనోవే, హోరికోషి ఒక వింత చెప్పారు. సగానికి సగం టోలుయీన్ పోసినా పెరిగే బాక్టీరియా దొరికిందన్నారు. అది సూడోమోనాస్ జాతిది. ఈ జాతి మట్టిలో, నీళ్లలో ఉంటుంది.

ఇలాంటివి ఎలా బతుకుతాయి? పొరను గట్టి చేసుకుంటాయి. అంతే కాదు. పడవలోకి నీళ్లొస్తే తోడిపోస్తాం గదా! అలాగే లోపలికొచ్చిన టోలుయీన్‌ను బయటికి తోడేస్తాయి. ఈ జాతిలో కొన్ని టోలుయీన్‌ను తిని బతుకుతాయి కూడా. పెట్రోలు కారి చెడిన నేలను బాగుచేయడానికి ఇలాంటి బాక్టీరియాలు పనికొస్తాయి.

జీవుల ఒంట్లో పనులు త్వరగా జరిపించే పదార్థాలు ఉన్నాయి. వాటిని ఎంజైములు అంటారు. అటుకులు బాగా నమిలితే తియ్యగా ఉంటాయి. అది మన ఉమ్మిలోని ఎంజైము పనే. కొవ్వును విడగొట్టే ఎంజైము పేరు లైపేజ్. 1984లో అమెరికాలో జాక్స్, క్లిబనోవ్ అనేవాళ్లు దానిని నీళ్లు దాదాపు లేని ద్రావకంలో వేశారు. 100 డిగ్రీల వేడిలో కూడా అది పనిచేసింది! ఇప్పుడు మందుల తయారీలో, వాడిన నూనె నుంచి డీజిల్ తీయడంలో లైపేజ్‌ను వాడుతున్నారు.

బాక్టీరియా తట్టుకుంది గదా అని మనం తట్టుకోలేం. థిన్నర్ ఆవిరి పీలిస్తే తల తిరుగుతుంది. నరాలకు దెబ్బ. గాలి ఆడేచోటే వాడండి. మంట దగ్గర పెట్టకండి. బావి పక్కన పారబోయకండి. మంచినీళ్ల సీసాలో అసలు పోయకండి. పిల్లలు నీళ్లనుకుని తాగేస్తారు. ఒకవేళ తాగితే వాంతి చేయించకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీ ఇంట్లో థిన్నర్, కిరోసిన్ ఎక్కడ పెట్టారు? ఇవాళే చూడండి.