సంతానము – దాంపత్య సుఖము



చోడవరమున స్వయంభువుగా వెలసిన విఘ్నేశ్వరుని సన్నిధికి సంతానార్థులై వచ్చు దంపతులను మేము చిరకాలముగా చూచుచున్నాము. ఒకనాడు ఒక ఇల్లాలు ప్రదక్షిణములు ముగించి, "పంతులుగారూ! పెళ్ళయి పన్నెండేళ్ళయింది. పేరంటానికి పిలిచేవారే తగ్గిపోయారు. పిల్లలు లేనివాళ్ళ కాపురం కాపురం కాదాండీ?" అని అడిగినది. భర్త తల వంచుకొని నిలిచియుండెను. "స్వామి అనుగ్రహించును" అని మాత్రమే నాడు పలికితిమి. అది అడిగినదానికి సమాధానము కాదు. ఆ కొరతను నేడు తీర్చుకొనుచున్నాము.

సంతానమును శాస్త్రము శ్లాఘించినది నిజమే. బ్రహ్మచర్యముచే ఋషిఋణము, యజ్ఞముచే దేవఋణము, ప్రజచే పితృఋణము తీరునని తైత్తిరీయ సంహిత చెప్పుచున్నది. అయితే అది కర్తవ్యమును గూర్చిన మాట. బిడ్డలు కలిగినంతనే సుఖము కలుగునన్న మాట కాదు. నూర్గురు కుమారులను కన్న ధృతరాష్ట్రునకు మిగిలినదేమి?

భాగవత మాహాత్మ్యములోని ఆత్మదేవుని వృత్తాంతము చూడుడు. తుంగభద్రా తీరవాసియైన ఆ విప్రుడు బిడ్డలు లేరని ప్రాణత్యాగమునకే సిద్ధపడెను. యతి వలదని బోధించినను వినక ఫలమును పొందెను. భార్య దానిని ఆవునకు పెట్టి, చెల్లెలి బిడ్డను తన బిడ్డయని నమ్మించెను. ఆ ధుంధుకారియే తండ్రిని కొట్టి దుఃఖపెట్టెను. ఆవునకు పుట్టిన గోకర్ణుడు వైరాగ్యము బోధించి ఆయనను తరింపజేసెను. కోరి తెచ్చుకొన్నది శోకమునకును, కోరనిది శ్రేయస్సునకును హేతువైనది గదా!

మరి పుత్రులు లేనివారి గతి యేమి? బ్రహ్మచారియైన భీష్మునకు మాఘ శుద్ధ అష్టమినాడు లోకమంతయు తర్పణము విడుచుచున్నది. మన పెద్దలు పుత్రునితోపాటు తటాకము, వనము, దేవాలయము, అగ్రహారము, నిధి, కృతి అనువానిని గూడ చేర్చి సప్తసంతానములనిరి. ఏడింట ఒకటి మాత్రమే గర్భమున పుట్టునది. తక్కినవి మనసున పుట్టునవి.

రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము, రాజ్యలక్ష్మమ్మ దంపతులకు సంతానము లేదు. ఆయన మతాభిప్రాయములతో మాబోటివారికి ఏకీభావము లేకపోవచ్చును. అయినను 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహము జరిగినపుడు వంటవారును నీళ్ళవారును మానివేయగా, గోదావరి నీరు తెచ్చి వండి వడ్డించినది ఆ తల్లియే. దిక్కులేని ఎందరో ఆడబిడ్డలకు ఆమె అమ్మయైనది. ఆ యింటిని శూన్యగృహమని ఎవరనగలరు?

వివాహమంత్రములను స్మరింపుడు. ఏడవ అడుగు వేసిన పిదప వరుడు వధువును కోరునది సఖ్యమును. ఆ సఖ్యమే దాంపత్యమునకు మూలము. సంతానము దాని ఫలము. ఫలింపకున్నను చెట్టు నీడనిచ్చును. మూలము చెడినచో ఫలము నిలువదు.

కావున సంతానము కోరువారు కోరవచ్చును. వైద్యము చేయించుకొనవచ్చును, లోపము భర్తయందును ఉండవచ్చును గనుక ఇరువురును పరీక్షింపబడవలెను. దత్తతయు శాస్త్రసమ్మతమే. కాని "గొడ్రాలు" అను మాటను నోటినుండి తొలగింపుడు. అట్టి ఇల్లాలిని పేరంటమునకు ముందుగా పిలువుడు. పరుల మనస్సును నొప్పించి చేసిన నోము ఫలింపదు.

ఆ ఇల్లాలు మరల వచ్చినచో మేము చెప్పదలచినది ఇంతే: "అమ్మా! మీ ఇరువురి నడుమ సఖ్యమున్నంతవరకు మీది నిండు కాపురమే."

సర్వే జనాః సుఖినో భవంతు.