వార్తాపఠనము – విద్యార్థుల వ్యాసరచన



నేటి నా ప్రసంగమునకు విషయము బడిపిల్లల వ్యాసరచన. బడిపిల్లల సంగతి మాకేల యని మీరు తలపవచ్చును. ఈ పనిలో ఉపాధ్యాయునికంటె గ్రామమందలి పెద్దలే ఎక్కువ సాయము చేయగలరని మనవి చేయుటకే నేను వచ్చితిని.

ముందు నా తప్పు నొకదానిని చెప్పుకొందును. నేను జనగామ ప్రాంతమున చాల యేండ్లు బడిపంతులుగా నుంటిని. ప్రతి సంవత్సరమును 'వరదలు' అను వ్యాసమును పిల్లలచేత వ్రాయించుచుంటిని. వ్రాయించుట యనగా నేను చెప్పుట, వారు వ్రాసికొనుట, పిమ్మట కంఠస్థము చేయుట. ఒక యేడు వానకాలమున మా బడికి వచ్చు నొక పిల్లవాని యూరిలో వాగు పొంగి వారి యింటిలోనికి వచ్చెను. వారి రెండెడ్లలో నొకటి కొట్టుకొనిపోయెను. పదునైదు దినముల పిమ్మట పరీక్ష జరిగెను. వరదలను గూర్చియే ప్రశ్న. ఆ పిల్లవాడు నేను చెప్పిన వ్యాసమును అక్షరము తప్పకుండ వ్రాసెను. అందు గంగయు, బ్రహ్మపుత్రయు కలవు. వారి వాగు లేదు. ప్రభుత్వము తగిన చర్యలు తీసికొనవలెనను ముగింపు కలదు; ఆ యెద్దు మాట లేదు. నేను ఇరువదికి పదునెనిమిది మార్కులు వేసితిని. తరువాత, "ఏమిరా, మీ యూరి సంగతి ఒక్క ముక్కయైనను వ్రాయలేదేమి?" యని యడిగితిని. "అది వ్యాసములో లేదు కద, సార్" అని వాడు బదులు చెప్పెను.

ఆ మాట నన్ను చాల దినములు బాధించినది. కన్నులార చూచిన దానిని పక్కకు పెట్టి, విన్నదానిని అప్పగించుటయే చదువని వానికి నేర్పినవాడను నేనే. అట్లు చదివినవాడు పెద్దవాడై, ఎవడేమి చెప్పిన దానినే నమ్మును. ఓటు వేయునప్పుడును, అప్పు పత్రముపై వ్రాలు చేయునప్పుడును ఆ యలవాటే వానిని నడిపించును. కావున ఇది మార్కులతో ముగియు సంగతి కాదు.

దీనికి మందు విమర్శదృష్టి. విమర్శ యనగా తప్పులెన్నుట కాదు. ఒక మాట విన్నప్పుడు అది యెంతవరకు నిజమో, దేనివలన నిజమో తూచి చూచుట. ఇది మీకు క్రొత్తది కాదు. ఇద్దరు రైతులు పొలముగట్టు తగవుతో రచ్చకట్టకు వచ్చినప్పుడు మీరేమి చేయుదురు? ముందు వచ్చినవాని మాట విని తీర్పు చెప్పరు. రెండవవానిని పిలిపింతురు. హద్దురాళ్లు చూతురు. పహాణీ తీయింతురు. సాక్షి వచ్చినచో, అతడు స్వయముగా చూచెనా, ఒకరు చెప్పగా వినెనా యని యడుగుదురు. అతనికి ఏ పక్షముతోనైన బంధుత్వము కలదా యని ఆలోచింతురు. పంచాయతీలో మీరు చేయు నీ పనినే విద్యార్థి కాగితముపై చేయవలెను. వ్యాసము కూడ నొక తీర్పే.

మరి తగవు లెక్కడ దొరకును? దినపత్రికలో దొరకును. మన ప్రాంతమునకు పత్రిక పరాయిది కాదు. 1922 లో, నేటి మహబూబాబాదు జిల్లాలోని ఇనుగుర్తి గ్రామమునుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 'తెనుగు పత్రిక' యను వారపత్రికను వెలువరించిరి. పట్టణములలోనే పత్రికలు కష్టముగా నడచిన కాలమున నొక పల్లెటూరిలో అచ్చుయంత్రము పెట్టి వార్తలను తెలుగున ప్రచురించిరి. పల్లెలవారికి లోకవార్తలేల యని వారనుకొనలేదు.

వార్తను ప్రశ్నించుటకును మనకు మంచి యుదాహరణము కలదు. నిజాం రాష్ట్రమున తెలుగు కవులు లేరను మాట ఆ కాలమున నొకటి వెలువడెను. గోలకొండ పత్రికా సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి కోపముతో బదులు చెప్పి యూరకుండలేదు. ఊరూరికి వ్రాసి, కవుల పద్యములు తెప్పించి, 354 మంది కవుల రచనలతో 1934 లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించిరి. 'లేరు' అను మాటను ఒక్క కవి పేరుతోనే పడగొట్టవచ్చును. ఆయన మూడువందల యేబదినలుగురను చూపెను. విద్యార్థి దీనినుండి రెండు సంగతులు నేర్వవలెను. 'అందరు', 'ఎవ్వరును లేరు', 'ఎల్లప్పుడు' అను మాటలు వినబడిన చోట నిలిచి చూడవలెను. ప్రతిపక్షమును జయించునది గొంతు గాదు, నిదర్శనము.

ఇక వర్తమాన విషయముల జోలికి వత్తము. మన మూడు జిల్లాలలో వ్యాసవిషయములకు కొదువ లేదు. 2023 జూలై 27 న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి మునిగినది. జనులు ఇండ్లకప్పులెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. 2024 సెప్టెంబరు 1 న మహబూబాబాదు జిల్లాలో కేసముద్రము, ఇంటికన్నె నడుమ వరద రైలుపట్టాలక్రింది కంకరను కోసికొనిపోగా పట్టాలు గాలిలో వ్రేలాడినవి. వీనిలో నేను మేడిగడ్డ సంగతిని తీసికొని పద్ధతిని చూపుదును.

భూపాలపల్లి జిల్లా మహదేవపురము మండలమున గోదావరిపై మేడిగడ్డ బారేజి కలదు. కాళేశ్వరము ఎత్తిపోతల పథకములో ఇది మొదటి మెట్టు. 2019 జూన్ 21 న ప్రారంభోత్సవము జరిగినది. 2023 అక్టోబరు 21 సాయంకాలము ఏడవ బ్లాకులో స్తంభములు క్రుంగి, పైనున్న వంతెన వంగినది. ఇంతవరకు కంటికి కనబడినది. దీనిని ప్రత్యక్ష ప్రమాణమందుము. విద్యార్థి తన కాగితమున నొక గీత గీసి, ఎడమవైపున ఇట్టివానినే వ్రాయవలెను.

కుడివైపున ఊహలను, అభిప్రాయములను వ్రాయవలెను. ఎవరో ద్రోహముచేసి యుందురను అనుమానముతో మొదట పోలీసువారికి ఫిర్యాదు వెళ్లినది. కట్టడమే నాసియని కొందరనిరి. నవంబరు 30 న శాసనసభ యెన్నికలు జరుగనుండెను గనుక ప్రతి పక్షమువారును తమకు లాభించు మాటనే బిగ్గరగా చెప్పిరి. లాభించినంత మాత్రమున మాట అబద్ధము కాదు. అయినను అట్టి సాక్షిని రెండు ప్రశ్నలెక్కువ యడుగవలెను. తరువాత జాతీయ ఆనకట్టల భద్రతాసంస్థ నిపుణులు వచ్చి చూచి, ప్రణాళిక, రూపకల్పన, నాణ్యతాపరీక్ష, నిర్వహణ అను పలు విషయములలోని లోపములు కలిసి ఈ నష్టమునకు కారణమైనవని నివేదించిరి. ఇది ఆప్తవాక్యము, అనగా తెలిసినవారి మాట. ఆప్తవాక్యమునైనను, వారేమి చూచి చెప్పిరి, చూడనిదేమైన మిగిలినదా యని విచారించుట తప్పు కాదు.

ఇచట విద్యార్థి గమనింపవలసినది మరియొకటి. జనులు 'కారణమేమి?' యని ఏకవచనమున నడుగుదురు; నిపుణులు కారణములని బహువచనమున చెప్పిరి. మనము చెరువుగట్టు తెగినప్పుడు వాననే నిందింతుము. తూము మరమ్మతు లేదనియు, మత్తడి పూడిపోయినదనియు, గట్టుపై చెట్లు మొలచినవనియు తరచి చూచినగాని తెలియదు. వాన ఆ యేటిదే; తక్కినవి పదేండ్లనాటివి. ఒక్క కారణముతో ముగిసిన వ్యాసము తొందరపాటు తీర్పువంటిది.

అంకెలను కూడ ప్రశ్నింపవలెను. ఆ బారేజిలో 16.17 టి.యం.సి.ల నీరు నిలుచునని పత్రికలలో చదువుదుము. టి.యం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. వినుటకు మహాసముద్రమువలె తోచును. "ఇంత నీరు పట్టునది వరదను ఆపదా?" యని ఎవరైన నన్నచో పిల్లవానిచేత లెక్క కట్టింపుడు. క్యూసెక్కనగా సెకనునకు ఒక ఘనపుటడుగు. దినమునకు 86,400 సెకనులు. పది లక్షల క్యూసెక్కుల వరద వచ్చినదనుకొన్నచో, ఒక్క దినమున 86.4 టి.యం.సి.ల నీరు పారును. ఆ లెక్కన బారేజి నాలుగున్నర గంటలలో నిండిపోవును. అనగా అది వరదను దాచుకొను కొట్టు కాదు, నీటిమట్టమును లేపి పంపులకందించు అడ్డు మాత్రమే యని పిల్లవాడు స్వయముగా తెలిసికొనును. పెద్ద అంకెను చూచి భయపడకుండ, దేనితో పోల్చిన పెద్దదని యడుగుట ఒక గొప్ప విద్య.

మేడిగడ్డలో నిజమేదో తెలిసికొనుట ముఖ్యము. కొన్ని విషయములలో నిజమేదో తెలిసినను మంచిచెడ్డలు తూచవలసి వచ్చును. అందుకు జనగామ మంచి యుదాహరణము. 2016 ఆగస్టులో ప్రకటించిన క్రొత్త జిల్లాల ముసాయిదాలో జనగామ లేదు. ప్రజలు ఆందోళన చేసిరి. అక్టోబరు 11 న, దసరా దినమున, రాష్ట్రమందలి 10 జిల్లాలు 31 అయినప్పుడు జనగామయు, మహబూబాబాదును, ఆచార్య జయశంకరుగారి పేరున భూపాలపల్లియు జిల్లాలైనవి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లినుండి ములుగు వేరయినది. అప్పుడే నారాయణపేటయు ఏర్పడి మొత్తము 33 అయినవి.

'చిన్న జిల్లాలు మేలా?' అనునది ప్రశ్న యనుకొందము. కచేరీ దగ్గరగుననియు, ముసలివారు అర్జీతో దినమంతయు ప్రయాణింపనక్కరలేదనియు ఒకరందురు. కార్యాలయములకు, సిబ్బందికి వ్యయము పెరుగుననియు, కచేరీ దగ్గరైనంతనే పని త్వరగా జరుగదనియు మరియొకరందురు. మన యూరు జిల్లా కావలెనని కోరినవారము గనుక రెండవ మాట మనకు రుచింపదు. రుచింపని మాటనే పిల్లవాడు బాగుగా, అవతలివాడు విని 'నా మాట సరిగా చెప్పినాడు' అనునట్లు వ్రాయవలెను. పిదప తన బదులు చెప్పవలెను. ఎదుటివాని మాటను వికృతము చేసి ఖండించుట గడ్డిబొమ్మతో కుస్తీపట్టుటవంటిది.

ఇంకొక చిక్కు కలదు. "జిల్లా అయిన మరుసటి యేడే మా యూరికి రోడ్డు వచ్చినది, కావున జిల్లావలననే వచ్చినది" యందురు. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒక్కసారి జరిగిన, కాకివలననే పండు పడినదనరాదు. దీనినే కాకతాళీయమని పూర్వులనిరి. ఆ రోడ్డు మంజూరైనది ఎప్పుడో యడుగవలెను. జిల్లాకు ముందే మంజూరైనచో వాదము నిలువదు.

ఇట్లు తూచిన పిమ్మట వ్యాసమును కట్టుట కష్టము కాదు. ముందు ప్రశ్నను రెండుమార్లు చదివి, అడిగినదేమో తెలిసికొనవలెను. మొదటి పేరాలోనే తన యభిప్రాయమును సూటిగా చెప్పవలెను. ఒక్కొక్క పేరాకు ఒక్కొక్క హేతువు, దాని వెంట నిదర్శనము. తరువాత ప్రతిపక్షము, దానికి సమాధానము. ముగింపున తన తీర్పు ఎంతవరకు చెల్లునో చెప్పవలెను. రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమీషనువారు 2024 అక్టోబరులో జరిపిన గ్రూపు-1 ప్రధాన పరీక్షలో సాధారణ వ్యాసమునకు ప్రత్యేకముగా 150 మార్కుల పత్రము కలదు. అచట కంఠస్థము పనికిరాదు. రాబోవు ప్రశ్న యేదో ఎవరికిని తెలియదు గనుక.

పెద్దలారా, ఇందు మీ వంతు చెప్పి ముగింతును. వారమునకొక దినము, ఆదివారమైన మంచిది, ఊరి గ్రంథాలయముననో రచ్చకట్టపైననో పిల్లలను కూర్చుండబెట్టుడు. ఒకే సంగతిని రెండు పత్రికలలో చదివించుడు. ఒకదానిలో నుండి రెండవదానిలో లేనిదేమో వెదకింపుడు. సెల్ ఫోనులలో తిరుగు మాటలకు వ్రాసినవాని పేరుండదు, తేదీయుండదు. పాత వరద బొమ్మ క్రొత్త వరదగా వచ్చును. "ఇది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చెప్పినది?" అను మూడు ప్రశ్నలకు బదులు దొరకనిదే నమ్మవద్దని చెప్పుడు. పిమ్మట ఒక్క పుటలో వ్రాయించుడు.

ఒక్క సంగతి మాత్రము మీతో గట్టిగా మనవి చేయుచున్నాను. మీ పార్టీ వారి నోట పలికింపకుడు. మనుమడు మీ యభిప్రాయమునకు ఎదురు వ్రాసినచో కోపింపక, "నిదర్శన మేది, నాయనా?" యని యడుగుడు. నిదర్శనము చూపినచో, తాత మాట మార్చుకొనుటను కూడ వాడు చూడనిండు. ఆ యొక్క దృశ్యము నూరు పాఠములకు సమానము.

నాటి పిల్లవానికి పదునెనిమిది మార్కులు వేసిన నేను మరుసటి యేడునుండి 'వరదలు' వ్యాసము చెప్పుట మానితిని. "మీ యూరి వాగు ఎక్కడ పుట్టును, ఎందులో కలియును, గత యేడు ఎంతవరకు వచ్చెను? ఇంటికి పోయి మీ తాతనడిగి రండు" అని పంపితిని. ఇకపైన అట్లు అడుగవచ్చిన పిల్లలకు మీరు తీరికచేసికొని బదులు చెప్పవలెనని నా ప్రార్థన. సెలవు.