దూరశ్రవణం - చట్రపు యాంటెనా

హైదరాబాదు నగరానికి రేడియోతో చిరకాల అనుబంధం ఉంది. నిజాం పాలనలో 1935లో ఆరంభమైన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో విలీనమైంది. స్థానిక కేంద్రాలతో తృప్తి చెందక, దూరదేశాల ప్రసారాలను అన్వేషించి వినడం కొందరికి ప్రియమైన వ్యాసంగం. దీనినే 'డి.ఎక్సింగ్' అంటారు.

పగలు వినిపించని మీడియం వేవ్ కేంద్రాలు రాత్రివేళ వినిపిస్తాయి. భూమికి సుమారు 60 నుండి 90 కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనావరణపు పొర పగటిపూట ఈ తరంగాలను గ్రహించివేస్తుంది. సూర్యాస్తమయానంతరం ఆ పొర క్షీణిస్తుంది. అప్పుడు తరంగాలు పైపొరలను తాకి, తిరిగి భూమిని చేరుకుంటాయి.

అయితే తరంగం చేరినంత మాత్రాన ధ్వని వినిపించదు. కృష్ణానగర్ వంటి జనసమ్మర్దం గల ప్రాంతంలో భవనాలు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. ఎల్.ఇ.డి. దీపాలు, ఛార్జర్లు, లిఫ్టు మోటార్లు విద్యుత్ రొదను వెలువరిస్తాయి. దూరం నుండి వచ్చిన క్షీణస్వరం ఆ రొదలో మునిగిపోతుంది. యాంటెనా పొడవును పెంచితే స్వరంతోపాటు రొద కూడా పెరుగుతుంది.

ఈ సమస్యకు చక్కని పరిష్కారం, తిప్పడానికి వీలైన చట్రపు యాంటెనా. మీటరు భుజం గల చతురస్రాకారపు కొయ్యచట్రానికి ఏడెనిమిది చుట్లు రాగితీగ చుట్టి, దాని కొనలకు వేరియబుల్ కండెన్సరును కలపాలి. కండెన్సరును తిప్పుతూ కోరిన కేంద్రానికి శ్రుతి చేయాలి. ట్రాన్సిస్టరును చట్రానికి చేరువగా ఉంచితే చాలు. తీగతో కలపనవసరం లేదు.

చట్రపు అంచు ప్రసారకేంద్రం వైపు ఉన్నప్పుడు, తరంగం ఒక భుజాన్ని ముందు, రెండవ భుజాన్ని తరువాత తాకుతుంది. ఆ స్వల్పభేదమే సంకేతాన్ని పుట్టిస్తుంది. చట్రపు ముఖం కేంద్రం వైపు తిరిగితే రెండు భుజాలనూ తరంగం ఒకేసారి తాకడం వలన ప్రభావాలు పరస్పరం రద్దవుతాయి. ఆ దిశ నుండి వచ్చే ధ్వని దాదాపు అణగిపోతుంది. ఈ అణగదొక్కే శక్తియే చట్రానికి గల అసలు ప్రయోజనం.

ఉదాహరణకు, విజయవాడ కేంద్రం హైదరాబాదుకు తూర్పు-ఆగ్నేయంగా సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఉంది. చట్రపు అంచును అటు నిలిపితే, దాని ముఖం ఇంచుమించు ఉత్తర దక్షిణాలవైపు ఉంటుంది. ఆ దిక్కులలోని ఇళ్ళ రొద తగ్గుతుంది. కాని రొద తూర్పుపడమరల నుండి వస్తే చట్రం దానిని వేరుచేయలేదు; దానిని మరొక గదికో, మేడపైకో మార్చవలసి ఉంటుంది.

సంకేతం వచ్చే దిశను కనుగొనడానికి కూడా ఈ సూత్రమే ఆధారం. పూర్వం నావికులు తీరకేంద్రాల దిశను గుర్తించి, తమ ఓడ స్థానాన్ని తెలుసుకొనేవారు. పంజాగుట్టకు చేరువలోని సోమాజిగూడలో 1983లో స్థాపితమైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ యువతకు రేడియో విద్యను పరిచయం చేసింది. కొయ్యచట్రం, తీగచుట్ట, కొంత ఓర్పు ఉంటే చాలు, ఇరుకు గదిలోని విద్యార్థి సైతం సుదూర స్వరాలను వినగలడు. వినవలసిన దానిని వినాలంటే, వినకూడనిదానిని విడిచిపెట్టడం తెలియాలి.