ఊరు మారినా ఇంటిపేరు మారదు

"ఆరేళ్ళ కిందట రొమ్ములో గడ్డ తీసేశారు. ఇప్పుడేమో వెన్నెముకలో క్యాన్సరంటున్నారు. ఒకే మనిషికి రెండు జబ్బులా?" స్కాన్ రిపోర్టు ఒళ్ళో పెట్టుకుని మా బాబాయి అడిగిన మొదటి ప్రశ్న ఇది. పిన్ని పక్క గదిలో పడుకుని ఉంది.

రెండు కాదు, ఒకటే. ఎముకలో చేరినవి రొమ్ము క్యాన్సర్ కణాలే. ఊరు మారినా వాటి ఇంటిపేరు మారదు, అందుకే వాడేవీ రొమ్ము క్యాన్సర్ మందులే. మొదటి గడ్డ నుంచి విడిపోయిన కణాలు రక్తంలో పడి తిరుగుతాయి. చాలామటుకు దారిలోనే చచ్చిపోతాయి. మిగిలిన ఏ కొద్దో ఒక మూల చేరి, ఏళ్ళ తరబడి నిద్రపోయి లేస్తాయి. "నేనింకాస్త ముందే పట్టించుకుని ఉంటే..." అని బాబాయి లోపల్లోపల నలిగిపోయాడు. చాలాసార్లు ఆపరేషన్ నాటికే ఆ కణాలు బయల్దేరి ఉంటాయి. ఆయన చేసిన తప్పేమీ లేదు.

మరి ఎముకకే ఎందుకు? 1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల వివరాలు తిరగేశాడు. రక్తం ప్లీహానికీ బాగానే అందుతుంది, గడ్డలు మాత్రం కాలేయంలోనే చాలా ఎక్కువ. విత్తనం ఎటైనా ఎగిరిపోతుంది, పదునున్న నేలలోనే మొలుస్తుందని ఆయన తేల్చాడు. ఎముక అలాంటి నేల. అక్కడ పాత ఎముకను కరిగించే కణాలూ కొత్తది కట్టే కణాలూ నిత్యం పనిలో ఉంటాయి. క్యాన్సర్ కణం కరిగించేవాటిని రెచ్చగొడుతుంది. కరిగిన ఎముకలోంచి వచ్చే పదార్థాలే దానికి ఎరువు. ఈ చక్రాన్ని నెమ్మదింపజేయడానికే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్. మొదలుపెట్టే ముందు పళ్ళ డాక్టరుకి చూపించాలి. ఆ మందు మీద ఉండగా పన్ను పీకిస్తే దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదముంది. నొప్పున్న చోట 'కరెంటు పెడతారు', అంటే రేడియేషన్. నొప్పి తగ్గడానికి చాలామందికి ఒక్క విడతే సరిపోతుంది.

రాత్రిపూట పక్కనుండేది డాక్టరు కాదు, భర్తే. నడుం నొప్పి పెరుగుతూ కాళ్ళు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మూత్రం అదుపు తప్పినా వెన్నుపాము నలుగుతూ ఉండవచ్చు. తెల్లారనిద్దాం అనుకోకూడదు. నడవగలిగినప్పుడే చికిత్స అందితే నడక నిలిచే అవకాశం ఎక్కువ. కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే ఆ క్షణమే ఆసుపత్రికి ఫోన్ చేయాలి, పారాసిటమాల్ వేసి చూద్దామనుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

బాబాయి మొండికేసింది మార్ఫిన్ దగ్గర. "అది ఆఖర్న ఇచ్చేది కదరా! అలవాటైపోతే?" ఈ భయంతోనే ఎంతమంది ఆడవాళ్ళు పళ్ళు బిగబట్టి పడుంటున్నారో తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. మార్ఫిన్ మోతాదు నొప్పిని బట్టి ఉంటుంది, ఆయుష్షును బట్టి కాదు. డాక్టరు లెక్కగట్టి ఇస్తే వ్యసనమయ్యే ప్రమాదం తక్కువ. నొప్పి వచ్చాక కాదు, గంట చూసి వేయాలి. విరేచనం బిగిసిపోతుంది కాబట్టి దానికీ మందు మొదట్నుంచే ఉండాలి. మార్ఫిన్ దొరకడం సులువు కావాలని 2014లో మన మాదకద్రవ్యాల చట్టాన్నే సవరించారు. హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించే వైద్యానికి ప్రత్యేక విభాగముంది. 2010లో బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై జరిగిన అధ్యయనంలో, ఇలాంటి ఉపశమన వైద్యం మొదట్నుంచే అందినవాళ్ళు మెరుగ్గా ఉండటమే కాదు, ఎక్కువకాలం బతికారు కూడా.

తిండి దగ్గర మాత్రం బాబాయి తనే నేర్చుకున్నాడు. ముదిరిన క్యాన్సర్ ఒంట్లోని రసాయనాలనే మార్చేసి ఆకలిని చంపుతుంది, బలవంతం చేస్తే వాంతి, ఏడుపు తప్ప ఏమీ మిగలవు. నిన్న పిన్ని రెండు స్పూన్ల పెరుగన్నం తిని చాలంది. "సరే" అని గిన్నె పక్కన పెట్టాడు. మాత్ర వేసిన టైం క్యాలెండర్ మీద రాసి, ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"వేళ్ళు కదుపు" అన్నాడు.

కదిపింది.